బ్యాండ్‌విడ్త్ ఎంత కొనాలి?

అంతర్జాల సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో డొమైన్ పేరు కొనడం గురించి రాశాక, దాని తర్వాతి మెట్టు గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. హోస్టింగ్, అంటే సైటు ఫైళ్లను ఉంచే సర్వర్‌లో చోటు, అద్దెకు తీసుకునేటప్పుడు నెలకు ఎన్ని జీబీల బ్యాండ్‌విడ్త్ (సైటు నుంచి చూసేవారికి వెళ్లే డేటా) కావాలో ఎలా తేల్చుకోవాలన్నదే అన్నింటి సారాంశం. విజయవాడలో చిన్న దుకాణాలకు, సంఘాలకు వెబ్‌సైట్లు చూసిపెట్టడం నా వృత్తి కనుక ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేదే. ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు, సైట్ల చిరునామాలు తీసేశాను.

ప్రశ్న: అమ్మానాన్నలు చేనేత చీరలు నేయించి అమ్ముతారు. ఆన్‌లైన్ అమ్మకాలు నేను చూసుకుంటాను. 200 చీరలు, ఒక్కోదానికి నాలుగు ఫొటోలతో సైటు తయారైంది. రోజుకు 150 మంది దాకా వస్తారని అనుకుంటున్నాం. సైటు చేసిన అబ్బాయి నెలకు 100 జీబీ ఉన్న ప్లాన్‌కు మూడేళ్ల డబ్బు ఒకేసారి కట్టమంటున్నాడు. మా బావ మాత్రం 10 జీబీ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి మేడమ్?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఇద్దరూ మీ సైటును కొలవకుండానే చెప్పారమ్మా. కొలిచి చూస్తే ఇద్దరి మాటా నిలవడం లేదు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. ఒక మనిషి మీ సైటుకు వచ్చి వెళ్లేలోగా సర్వర్ నుంచి ఎన్ని ఎంబీలు బయటికి పోతాయో చూసి, దాన్ని రోజుకు వచ్చేవారి సంఖ్యతోనూ, ఆపైన 30తోనూ గుణించాలి. ఎంతమంది వస్తారన్నది ఎలాగూ ఊహే. సైటు మొదలుపెట్టకముందు ఆ అంకె ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కానీ ఒక్కొక్కరికి ఎన్ని ఎంబీలు ఖర్చవుతాయన్నది ఊహ కాదు, ఈ రోజే కొలిచి తెలుసుకోవచ్చు. పైగా దాన్ని తగ్గించడం మన చేతిలో ఉంది. అందుకే నేను ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు పంపిన చిరునామాను క్రోమ్‌లో తెరిచి ఎఫ్12 మీట నొక్కాను. పక్కన తెరుచుకునే డెవలపర్ టూల్స్‌లో ‘నెట్‌వర్క్’ అనే విభాగం ఉంటుంది. అందులో ‘డిజేబుల్ క్యాష్’ దగ్గర టిక్ పెట్టి పేజీని మళ్లీ లోడ్ చేస్తే, మీ సైటుకు మొదటిసారి వచ్చిన మనిషికి ఎంత డేటా అవుతుందో అడుగున ‘ట్రాన్స్‌ఫర్డ్’ అన్న మాట పక్కన కనిపిస్తుంది. మీ మొదటి పేజీకి అక్కడ కనిపించిన అంకె 38 ఎంబీ. ‘సైజ్’ అన్న శీర్షిక మీద నొక్కి పెద్ద ఫైళ్లను పైకి తెచ్చి చూశాను. కొత్తగా వచ్చిన తొమ్మిది చీరల ఫొటోలు, ఒక్కొక్కటి 4 ఎంబీ. ఫోన్‌తో తీసినవాటిని తీసినట్టే ఎక్కించారు. 3000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో మీ సర్వర్ నుంచి బయల్దేరి వెళ్లి, చూసేవారి తెర మీద 400 పిక్సెళ్ల గడిలో ఇముడుతోంది. ఆ గడికి సరిపడా చేసిన ఫొటో 30 కేబీ ఉంటే చాలు. కంటికి తేడా ఏమీ తెలియదు, ఖర్చు మాత్రం వంద రెట్లకు పైగా ఉంది.

ఇప్పుడు ఒక మనిషి ప్రయాణం చూద్దాం. మొదటి పేజీకి 38 ఎంబీ. చీరల జాబితా పేజీలో 24 బొమ్మలున్నాయి కాబట్టి అది 96 ఎంబీ. తర్వాత మూడు చీరలను విడివిడిగా తెరిచి చూస్తే, ఒక్కో పేజీలో నాలుగు ఫొటోల చొప్పున మొత్తం 48 ఎంబీ. అన్నీ కలిపితే ఒక మనిషికి 182 ఎంబీ. రోజుకు 150 మంది అంటే 27 జీబీ పైచిలుకు, నెలకు 819 జీబీ. ఈ లెక్కన మీకు 100 జీబీ ప్లాన్ నాలుగో రోజుకే ఖాళీ అవుతుంది.

మీ బిల్లు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకొకటుంది. మీ దగ్గర చీర కొనాలనుకునే ఆమె ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్ ఉందనుకోండి. మీ సైటు ఒక్కసారి చూసినందుకే ఆ రోజు డేటాలో ఎనిమిదో వంతు అయిపోతుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో అయితే ఫొటోలు కనిపించేలోపే ఆమె వెనక్కి వెళ్లిపోతుంది. బ్యాండ్‌విడ్త్ ఖర్చు అనగానే అందరూ హోస్టింగ్ కంపెనీకి కట్టే డబ్బునే చూస్తారు. అవతలి వైపు కొనేవాళ్లు కూడా అంతే డేటాకు డబ్బు పెడుతున్నారన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక చేయాల్సిన పని. ఫొటోలకు మూడు కొలతలు చేయించండి. జాబితాలో కనిపించేది 400 పిక్సెళ్ల వెడల్పుతో 30 కేబీ, చీర పేజీలో కనిపించేది 1000 పిక్సెళ్లతో 150 కేబీ. మూడోది కొంచెం పెద్దది. మంగళగిరి చీర కొనేవాళ్లు అంచు చూడకుండా కొనరు కదా. నిజాం అంచులో జరీ ఎంత దగ్గరగా పడిందో, అంచు చీరతో కలిసే చోట నేత ఎలా ఉందో వాళ్లకు కనిపించాలి. అందుకని అంచు దగ్గర తీసిన ఫొటో ఒక్కటి 2000 పిక్సెళ్లతో, 500 కేబీ వరకు ఉండనివ్వండి. అయితే దాని మీద వేలు పెట్టి నొక్కినప్పుడే లోడ్ కావాలి. ఫొటోలను వెబ్‌పీ రూపంలో దాస్తే జేపెగ్ కన్నా పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతాయి. జాబితాలో కింద ఉన్న బొమ్మలు చూసేవారు అక్కడికి జరిపినప్పుడే వచ్చేలా ‘లేజీ లోడింగ్’ కూడా పెట్టించండి. ఒక్క మాట రాస్తే చాలు, బ్రౌజరే చూసుకుంటుంది. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో చేసి ఉంటే ఈ చిన్న కొలతల్లో చాలావరకు ఎక్కించగానే వాటంతటవే తయారయ్యేవి. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అది మరీ పెద్ద ఫొటోలను 2560 పిక్సెళ్లకు కుదించి పెడుతోంది కూడా. మీది చేత్తో రాసిన సైటు కనుక ఆ పని మీరే చేయించుకోవాలి.

ఇలా చేశాక మళ్లీ కొలుద్దాం. మొదటి పేజీ ఒక ఎంబీ లోపు. అందులో లోగో, ఫాంటు, సైటు రూపాన్ని నడిపే ఫైళ్లు కలిపి 700 కేబీ ఉంటాయి. బ్రౌజర్ వాటిని ఫోన్‌లోనే దాచుకుంటుంది కాబట్టి రెండో పేజీ నుంచి ఆ భారం ఉండదు. జాబితా 0.8 ఎంబీ. చీర పేజీలు మూడు కలిపి 2.1 ఎంబీ. మొత్తం మనిషికి 4 ఎంబీ అనుకుందాం. 150 మందికి రోజుకు 600 ఎంబీ, నెలకు 18 జీబీ. దీనికి సగం, అంటే 9 జీబీ అదనంగా కలపండి. సెర్చ్ ఇంజిన్ల బాట్లు (పేజీలను వాటంతటవే తెరిచి చూసే ప్రోగ్రామ్‌లు), మీరు ఎక్కించే ఫైళ్లు, ఆ హోస్టింగ్ మీదే నడిచే ఈమెయిల్ అన్నీ ఈ ఖాతాలోకే వస్తాయి. అప్పుడు 27 జీబీ అయింది. మీ బావ చెప్పిన 10 జీబీ సరిపోదు.

కానీ మీ వ్యాపారానికి అన్ని నెలలూ ఒకటి కావు. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం ముందూ, దసరాకూ, పెళ్లిళ్ల రోజుల్లోనూ వచ్చేవాళ్లు మూడింతలైతే 18 కాస్తా 54 జీబీ అవుతుంది. అదనపు 9తో 63. ప్లాన్ ఎప్పుడూ మామూలు నెలను చూసి కాదు, శ్రావణాన్ని చూసి ఎంచుకోవాలి. కాబట్టి ఫొటోలు సరిచేశాక 100 జీబీ ప్లాన్ మీకు హాయిగా సరిపోతుంది. 50 జీబీతో మొదలుపెట్టి, సైటు ఆగకుండా మధ్యలో పెంచుకునే వీలున్నా మంచిదే. మూడేళ్ల డబ్బు మాత్రం ఇప్పుడే కట్టవద్దు. ముందు ఒక పండుగ కాలం గడవనివ్వండి. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో నెలవారీ వాడకం చూసుకుంటే ఊహించిన అంకె స్థానంలో నిజమైన అంకె మీ చేతిలో ఉంటుంది.

డబ్బు కట్టే ముందు ఆ కంపెనీని ఈ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి: నెలలో పరిమితి దాటితే సైటును ఆపేస్తారా, లేక అదనపు జీబీకి ఇంత అని వసూలు చేస్తారా? వ్రతానికి రెండు రోజుల ముందు సైటు ఆగిపోతే మీకు పోయేది హోస్టింగ్ డబ్బు కాదు, ఏడాది వ్యాపారం.

ప్రశ్న: ఒక కంపెనీ ‘నెలకు 500 జీబీ’ అంటోంది. ఇంకొకటి ‘10 ఎంబీపీఎస్’ అంటోంది. ఏది ఎక్కువ?
– ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని, రాజమహేంద్రవరం

జవాబు: మొదటిది నెల మొత్తంలో వెళ్లగల డేటా. రెండోది ఒక్క సెకనులో వెళ్లగల వేగం. ఎంబీపీఎస్‌లో ఉన్నవి బిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి ముందు 8తో భాగించాలి. ఒక్క ఎంబీపీఎస్ లైను నెల రోజులు రాత్రింబవళ్లు నిండుగా పారితే 324 జీబీ అవుతుంది. ఆ లెక్కన 10 ఎంబీపీఎస్ అంటే 3,240 జీబీ. కాగితం మీద అదే చాలా ఎక్కువ. అయితే ఏ సైటుకూ జనం ఇరవై నాలుగు గంటలూ సమానంగా రారు. అందరూ రాత్రి తొమ్మిదికి వస్తే, సెకనుకు ఒకటింబావు ఎంబీ కన్నా ఎక్కువ ఇవ్వలేక ఆ లైను అందరినీ నిలబెడుతుంది. మీ సైటులో ఉన్నవి శుభలేఖల నమూనాలు కాబట్టి మీకు 500 జీబీ ప్లానే మేలు.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మిత్రులతో కలిసి నెలకొక సాహిత్య పత్రికను అంతర్జాలంలో తేవాలని కోరిక. కథలు, కవితలు, కథల ఆడియో, సంచిక మొత్తం పీడీఎఫ్‌గా ఉంటాయి. 500 మంది పాఠకులుంటారు. తెలుగు అక్షరాలు ఇంగ్లీషు కన్నా మూడింతలు చోటు తింటాయని, అందుకే పుటలను బొమ్మలుగా పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. నిజమేనా? మాకు ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలి?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మాస్టారూ, దయచేసి పుటలను బొమ్మలుగా పెట్టవద్దు. ఆ సలహాలో మొదటి సగం నిజం, దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం పూర్తిగా తప్పు.

యూనికోడ్ అక్షరాలను వెబ్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. గుర్తు అంటే అచ్చు, హల్లు మాత్రమే కాదు, గుణింతపు గుర్తూ, పొల్లూ, సున్నా కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘శ్రీకాకుళం’ అన్న మాటనే తీసుకోండి. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్నా. మొత్తం పది గుర్తులు, 30 బైట్లు. ఇదే పేరు ఇంగ్లీషు లిపిలో పది అక్షరాలు, పది బైట్లు.

కానీ ఆ 30 బైట్లూ అలాగే ప్రయాణం చేయవు. సర్వర్ పేజీని పంపే ముందు జీజిప్ లేదా బ్రోట్లీ పద్ధతిలో కుదిస్తుంది. ప్రతి తెలుగు గుర్తులోనూ మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే. రెండోది కేవలం రెండు విలువల్లో ఏదో ఒకటి. ఇంతగా పునరావృతమయ్యేదాన్ని కుదించడం ఆ పద్ధతులకు చాలా తేలిక. 20 వేల గుర్తులున్న పెద్ద కథ అసలు పరిమాణం 60 కేబీ దాకా ఉంటుంది, కుదించాక పావు వంతుకు, అంటే 15 కేబీకి వచ్చేస్తుంది. అదే కథను పది పుటల బొమ్మలుగా పెడితే, పుటకు 250 కేబీ చొప్పున రెండున్నర ఎంబీ. అంటే నూట అరవై రెట్లకు పైగా. పైగా బొమ్మలోని అక్షరాలు గూగుల్ వెతుకులాటలో సులువుగా దొరకవు. చూపు లేని పాఠకులకు ఫోన్ చదివి వినిపించలేదు. కథలో వాక్యాన్ని ఎవరూ ఎత్తి రాసుకోలేరు. పత్రిక పెట్టేదే చదివించడానికి కదా, ఈ మూడు దారులూ మూసేయవద్దని నా విన్నపం.

మీ హోస్టింగ్‌లో కుదింపు పనిచేస్తోందో లేదో చీరల సైటు జవాబులో చెప్పిన నెట్‌వర్క్ విభాగంలోనే చూడవచ్చు. పేజీ పేరు మీద నొక్కితే వచ్చే ‘హెడర్స్’లో ‘కంటెంట్-ఎన్‌కోడింగ్’ అన్న వరుస ఉంటే పనిచేస్తున్నట్టే. లేకపోతే కంపెనీ వాళ్లకు చెప్పి పెట్టించుకోండి.

ఫాంటు విషయంలో మాత్రం కాస్త పొదుపు అవసరం. ఒత్తులు, గుణింతాల కలయికలన్నింటికీ రూపాలు ఉండాలి కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కన్నా బాగా పెద్దది. 100, 200 కేబీ ఉండటం మామూలే. శీర్షికలకు ఒకటి, కథలకు ఒకటి, కవితలకు మరొకటి అని ముచ్చటపడితే కథ కన్నా ఫాంట్ల బరువే ఎక్కువవుతుంది. శీర్షికలకు ఒక మంచి ఫాంటు పెట్టుకుని, లోపలి పాఠానికి పాఠకుడి యంత్రంలో ఉన్నదాన్నే వాడుకోనివ్వండి. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉంటాయి. రెండూ చక్కగా చదివించేవే.

ఇప్పుడు మీ లెక్క. ఒక పాఠకుడు సంచికలో ఆరు పేజీలు చదివితే ముఖచిత్రం, ఫాంటు, లోగోలతో కలిపి 0.8 ఎంబీ అనుకుందాం. 500 మంది నెలలో రెండేసి సార్లు వచ్చినా 800 ఎంబీ. ఆడియో అసలైన ఖర్చు. సంగీతం లేని వట్టి గొంతుకు మోనోలో 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) చాలు. ఆ వేగంతో రికార్డు చేస్తే నిమిషానికి అర ఎంబీ లోపే, ఇరవై నిమిషాల కథ 9.6 ఎంబీ. రెండు వందల సార్లు వింటే 2 జీబీ లోపు. పీడీఎఫ్‌ను టైపు చేసిన ఫైలు నుంచి నేరుగా చేస్తే 4 ఎంబీ, 300 మంది దించుకుంటే 1.2 జీబీ. అన్నీ కలిపి 4 జీబీ. బాట్ల కోసం సగం కలిపితే 6 జీబీ. మీకు దొరికే అతి చిన్న ప్లానే ఎక్కువ. అచ్చు వేసి, స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తే మాత్రం అదే సంచిక 60 ఎంబీ కావచ్చు. 300 మంది దించుకుంటే 18 జీబీ.

పాత సంచికల స్కాన్లు కూడా పెడతామని రాశారు. వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఎక్కించి, మీ సైటు నుంచి లింకు ఇవ్వండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇప్పుడు అక్కడే దొరుకుతున్నాయి. రుసుము లేదు, మీ సర్వర్ మీద భారమూ లేదు. రచయితల అనుమతి ఉన్నవే పెట్టాలన్నది మీకు నేను చెప్పనవసరం లేదు.

ప్రశ్న: మా ఊరి రామాలయంలో శ్రీరామనవమి కల్యాణాన్ని ఆలయం వెబ్‌సైటులోనే ప్రత్యక్షంగా చూపించాలని కమిటీ తీర్మానించింది. దేశ విదేశాల్లో ఉన్న మా ఊరివాళ్లు 300 మంది దాకా చూస్తారు. ఎన్ని జీబీలు తీసుకోవాలి?
– ఆలయ కమిటీ సభ్యుడు, ఖమ్మం జిల్లా

జవాబు: సొంత సర్వర్ మీద వద్దండి. ఓ మాదిరి నాణ్యతతో, సెకనుకు 1.5 మెగాబిట్ల వీడియో అనుకున్నా, రెండు గంటలకు ఒక్కొక్కరికి 1.35 జీబీ అవుతుంది. 300 మందికి 405 జీబీ. డబ్బు పెట్టి అంత కొన్నా, 300 మందికి ఒకేసారి పంపాలంటే 450 ఎంబీపీఎస్ వేగం కావాలి. చిన్న ప్లాన్లు దాన్ని మోయలేవు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు బొమ్మ ఆగిపోతుంది.

యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసి, దాన్ని మీ సైటులో అమర్చండి. వీడియో భారమంతా యూట్యూబ్ సర్వర్ల మీదే ఉంటుంది, మీకు ఖర్చయ్యేది పేజీ వరకే. రెండు విషయాలు ముందే చూసుకోండి. కొత్త ఛానెల్‌లో ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఫోన్ నుంచి ప్రసారం చేయాలంటే ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. ఉగాది నాటికే ఛానెల్ తెరిచి, ఊరివాళ్లందరినీ చేర్పించుకుంటే నవమికి నిశ్చింతగా ఉంటారు. గుడి దగ్గర నుంచి పైకి వెళ్లే వేగం ఎంతుందో కూడా ఒకసారి పరీక్షించండి. పందిట్లో జనం నిండాక మొబైల్ సిగ్నల్ మీద ఆధారపడటం కష్టం. దగ్గర్లో ఎవరింట్లోనైనా ఫైబర్ కనెక్షన్ ఉంటే అక్కడి నుంచి కేబుల్ లాగించుకోండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం సైటుకు నెలకు 30 జీబీ పరిమితి. గూగుల్ అనలిటిక్స్ చూస్తే రోజుకు 40 మందికి మించి రావడం లేదు. అయినా నెలాఖరుకు 25 జీబీ అయిపోతోంది. హోస్టింగ్ వాళ్లు పెద్ద ప్లాన్‌కు మారమంటున్నారు. ఒక రోజు లాగ్ ఫైలు జతచేశాను.
– ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: లాగ్ పంపి మంచి పని చేశారు. 40 మంది, మనిషికి 3 ఎంబీ చొప్పున చూసినా నెలకు 3.6 జీబీ. మిగతా 21 జీబీ మనుషులు వాడింది కాదు. అనలిటిక్స్ లెక్క బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ మీద ఆధారపడుతుంది. బాట్లలో చాలావాటికి ఆ ప్రోగ్రామ్‌ను నడపాల్సిన అవసరమే లేదు, అందుకే అవి అందులో కనిపించవు. సర్వర్ లాగ్‌లో మాత్రం ప్రతి అడుగూ నమోదవుతుంది. మీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ అయిన సీప్యానెల్‌లో, లాగ్‌ను లెక్కగట్టి చూపే ఏడబ్ల్యూస్టాట్స్ తెరిస్తే ‘వ్యూడ్ ట్రాఫిక్’, ‘నాట్ వ్యూడ్ ట్రాఫిక్’ అని రెండు వరుసలు వేరుగా ఉంటాయి. ఆ రెండో వరుసే మీ జీబీలను తినేస్తోంది.

లాగ్‌లో అర్ధరాత్రి దాటాక 2 గంటల 14 నిమిషాల దగ్గర చూడండి. ఒక బాట్ మీ కార్యక్రమాల క్యాలెండర్‌లో 2071 మార్చి నెల పేజీ అడిగింది. మరుసటి సెకనులో 2071 ఏప్రిల్. తర్వాత మే. మీ క్యాలెండర్ ప్రతి పేజీలోనూ ‘వచ్చే నెల’ అని లింకు ఉంది, దానికి అంతం లేదు. మనిషైతే వచ్చే ఉగాది దాకా చూసి ఆగుతాడు. లింకు కనిపిస్తే తెరవడమే బాట్ పని. ఒక్క రోజులో దాదాపు 15 వేల సార్లు క్యాలెండర్ పేజీలు వెళ్లాయి. పేజీకి 45 కేబీ చొప్పున రోజుకు 675 ఎంబీ, నెలకు 20 జీబీ. మీ లెక్క తేలిపోయింది.

ముందు క్యాలెండర్‌ను ఏడాది వెనక్కి, ఏడాది ముందుకు మాత్రమే పరిమితం చేయండి. తర్వాత, ఏ పేజీలు తెరవవద్దో బాట్లకు చెప్పే రోబోట్స్ టెక్స్ట్ ఫైలులో ఆ క్యాలెండర్ దారిని నిషేధించండి. గూగుల్‌బాట్, బింగ్‌బాట్, ఓపెన్ఏఐ వారి జీపీటీబాట్ వంటివి ఆ ఫైలును గౌరవిస్తాయి. అది అభ్యర్థనే కానీ తాళం కాదు కనుక లెక్కచేయనివి కూడా ఉంటాయి. సైటుకూ చూసేవారికీ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సేవ ఉచిత ప్లాన్ వెనుక సైటును పెట్టి వాటిని అక్కడే ఆపవచ్చు. సైటు మొత్తాన్ని అన్ని బాట్లకూ మూసేయకండి, మీ ఊళ్లోకి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబానికి గూగుల్‌లో మీ సంఘం కనిపించకుండా పోతుంది. లాగ్‌లో ఇంకొకటి గమనించాను. మీ సంక్రాంతి ముగ్గుల ఫొటోలను వేరే సైటు నేరుగా మీ సర్వర్ నుంచే చూపించుకుంటోంది. ప్రస్తుతం అది స్వల్పమే, అయినా సీప్యానెల్‌లో ‘హాట్‌లింక్ ప్రొటెక్షన్’ పెట్టేయండి. పెద్ద ప్లాన్‌కు మీరు పైసా కూడా అదనంగా కట్టాల్సిన పని లేదు.

ప్రశ్న: అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్ ప్లాన్ తీసుకున్నాం. మాక్ టెస్టు ఫలితాలు పెట్టిన సాయంత్రం సైటు తెరుచుకోలేదు, 508 అనే ఎర్రర్ వచ్చింది. పరిమితి లేదన్నాక ఇదేమిటి?
– కోచింగ్ సెంటర్ నిర్వాహకుడు, నిజామాబాద్

జవాబు: బ్యాండ్‌విడ్త్ అయిపోతే సాధారణంగా వచ్చే అంకె 509. మీకు వచ్చిన 508కి అర్థం, మీకు కేటాయించిన ప్రాసెసర్, మెమరీ, ఒకేసారి నడిచే పనుల పరిమితి దాటిందని. ప్లాన్ పేరులో అన్‌లిమిటెడ్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నా, ఈ పరిమితులు షరతుల పత్రంలో ఉంటాయి. అమ్మేటప్పుడు ఆ మాట కూడా అంతే పెద్దగా చెప్పాలని నేను గట్టిగా అంటాను, ఎందుకంటే ఇబ్బంది పడేది ఫలితం కోసం ఎదురుచూసే పిల్లలు.

ఒకేసారి 20 పనులకు అనుమతి ఉందనుకుందాం. మీ ఫలితాల పేజీ ప్రతి విద్యార్థికీ డేటాబేస్ వెతికి రెండు సెకన్లలో తయారవుతుంటే, సెకనుకు పది మందికే జవాబు అందుతుంది. అదే 0.2 సెకన్లలో తయారైతే వంద మందికి అందుతుంది. కాబట్టి పెద్ద ప్లాన్ కొనే ముందు పేజీని తేలిక చేయండి. పరీక్ష రాసినవారు 800 మంది అన్నారు. వాళ్ల హాల్ టికెట్ నంబర్లు, మార్కులను బ్యాచ్‌ల వారీగా మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా ముందే తయారుచేసి పెడితే డేటాబేస్‌ను ముట్టుకునే పనే ఉండదు. పిల్లల పేర్లు మాత్రం అందరికీ కనిపించే పేజీలో పెట్టకండి, నంబరు చాలు.

ప్రశ్న: వందల ఫొటోలను చిన్నవి చేయడానికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా?
– ఒక ఫొటోగ్రాఫర్, అనంతపురం

జవాబు: అక్కర్లేదు. నాలుగైదు ఫొటోలైతే బ్రౌజర్‌లోనే పనిచేసే స్క్వూష్ చాలు. గూగుల్ వారు ఉచితంగా ఇచ్చింది, ఫొటో మీ కంప్యూటర్ దాటి బయటికి వెళ్లదు. వందల్లో ఉంటే ఇమేజ్‌మ్యాజిక్ వాడండి, అదీ ఉచితమే. ఒక్క ఆదేశంతో ఫోల్డర్ మొత్తాన్ని కుదిస్తుంది. అందులో ‘మోగ్రిఫై’ ఆదేశం పాత ఫైలు మీదే కొత్తదాన్ని రాసేస్తుంది కాబట్టి, అసలు ఫొటోలను ముందుగా వేరే డ్రైవ్‌లో దాచుకోండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో లొకేషన్ వివరాలు కూడా ఉండవచ్చు. కుదించేటప్పుడు ‘స్ట్రిప్’ అన్న ఐచ్ఛికాన్ని కలిపితే అవి తొలగిపోతాయి. మీరు తీసేవి ఇళ్లలో జరిగే శుభకార్యాల ఫొటోలు కనుక అది తప్పనిసరిగా చేయండి.